చారల గుర్రంలో నా సగం

మా హైస్కూలు కోరుకొండ వెళ్లే రోడ్డును ఆనుకుని ఉంటుంది. ఆ రోడ్డు వెడల్పు చేసినప్పుడు బడి గేటు ఎదురుగా తెల్లటి పట్టీలు వేసి వెళ్లారు. పిల్లలు రోడ్డు దాటడానికి వేసిన పట్టీలవి. లారీ డ్రైవర్లు వాటిని చూడలేదు, ఆటోవాళ్లు లెక్కచేయలేదు. అవతల టిఫిన్ బండి పెట్టుకున్నాయన మాత్రం పొద్దున్నే వాటి మీద నీళ్లు చల్లి, ఎవరో తన బండి ముందు ముగ్గు వేసి వెళ్లినట్టు మురిసిపోయేవాడు. సాయంత్రం బడి విడిచే వేళకి మా హెడ్మిస్ట్రెస్ గారు స్వయంగా గేటు ముందు నిలబడి, చెయ్యెత్తి, విజిల్ ఊది, చివరికి దణ్ణం పెట్టి పిల్లల్ని దాటించేవారు. కొబ్బరికాయల లోడుతో వచ్చే లారీ డ్రైవరు ఆవిడ దణ్ణానికి తిరిగి దణ్ణం పెట్టి, ఆగకుండా వెళ్లిపోయేవాడు.

నేను ఆ బడిలో తెలుగు చెబుతాను. ఏ సంగతి వచ్చినా లేచి నాలుగు మాటలు మాట్లాడకపోతే నాకు తిన్న అన్నం అరగదు. మాట్లాడాక ఇతరులకు అరగదని మా స్టాఫ్ రూములో అనుకుంటారు గాని, అది అసూయ అని నా నమ్మకం.

శివరాత్రి వెళ్లిన వారంలో హెడ్మిస్ట్రెస్ గారు మీటింగు పెట్టారు. ఆ పట్టీల దగ్గర బళ్లు ఆగాలంటే ఏం చేద్దామని అడిగారు. అందరూ తలొంచుకున్నారు. నేను లేచాను.

"మేడం, దాన్ని జీబ్రా క్రాసింగ్ అంటారు. అసలు జీబ్రా అంటే ఏంటో ఈ రోడ్డు మీద పోయేవాళ్లలో ఎంతమందికి తెలుసండీ? దాన్ని చక్కగా తెలుగులో చారల గుర్రం అనాలి. ఆ చారల గుర్రమే స్వయంగా వచ్చి అక్కడ నిలబడితే తప్ప వీళ్లకి బుద్ధి రాదు!"

అది అలంకారం. తెలుగు మాస్టారన్నవాడు అలంకారం లేకుండా మంచినీళ్లు కూడా అడగడు. కాని మా హెడ్మిస్ట్రెస్ గారు లెక్కలు చెప్పి పైకొచ్చిన మనిషి. ఆవిడ దృష్టిలో చెప్పిన మాటకి ఒకటే విలువ ఉంటుంది.

"చాలా బాగుంది మాస్టారూ. శుక్రవారం పెట్టేద్దాం."

"ఏదండీ?"

"చారల గుర్రం. మీరే తయారుచేయించండి."

అప్పటిదాకా ఫోనులో క్రికెట్ స్కోరు చూసుకుంటున్న మా పీఈటీ మాస్టారు తలెత్తి, "ఆయ్, బాగుంటదండి, ఇద్దరం దూరితే సరిపోద్ది" అన్నాడు. పిల్లలకు ఆటలు నేర్పే ఆయనకి నన్ను ఆటపట్టించడం అదనపు పని. ఆ "ఇద్దరం" అన్న మాటలో రెండోవాడు ఎవరో నాకు అప్పుడు తట్టలేదు.

ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పాను. మా ఆవిడ ఇంట్లో కుట్టుమిషను మీద ఊళ్లో సగం మందికి జాకెట్లు కుడుతుంది. జీబ్రా కుట్టాలనగానే ఆశ్చర్యపోకుండా, కొలతల టేపు మెడలో వేసుకుని ఒకటే ప్రశ్న అడిగింది.

"మీరు ముందా, వెనకా?"

"ముందే. డైలాగులు రాసేది నేనైతే మాట్లాడేది ఇంకెవరు?"

"ఏ రంగు గుడ్డ తేవాలి? తెల్లదాని మీద నల్ల చారలా, నల్లదాని మీద తెల్ల చారలా?"

ఇది మామూలు మనిషి జవాబు చెప్పి ఊరుకునే ప్రశ్న. నేను ఫోను తెరిచి, చదివి, కళ్లజోడు సవరించుకుని ఉపన్యాసం మొదలుపెట్టాను. చారల గుర్రానికి వెంట్రుకల కింద చర్మం నల్లగా ఉంటుందనీ, కాబట్టి అది నల్లని జంతువేననీ, తెల్లదనం పైన వచ్చిన అలంకరణ మాత్రమేననీ వివరించాను.

"ఈ ఎండల్లో నల్లగుడ్డలో దూరితే ఉడికిపోరూ?" అంది మా ఆవిడ.

"శాస్త్రం శాస్త్రమే" అన్నాను.

నల్లగుడ్డే వచ్చింది. తెల్లచారలకి నా పాత పంచెలు వాడమన్నాను. సాయంత్రం వచ్చి చూస్తే, పోయిన ఉగాదికి కొనుక్కున్న జరీ అంచు పంచె పట్టీలు పట్టీలుగా మిషను మీద ఉంది. "పాతవి కత్తెర తగిలితేనే పీలికలైపోతున్నాయండి. శాస్త్రానికి గట్టిగుడ్డ కావాలిగా" అంది. అందువల్ల మా జీబ్రాకి ఎడం తొడ మీద సన్నని జరీ అంచు ఉండేది. అటువంటి జాతి ఆఫ్రికాలో కూడా ఉండదని చెప్పగలను.

తలకాయ పీఈటీ మాస్టారు అట్టపెట్టెలతో చేసుకొచ్చాడు. లాగితే నోరు తెరుచుకునేలా లోపల తాడు కట్టాడు. చెవులు మాత్రం కాస్త పెద్దవయ్యాయి. "గాడిదలా ఉందే" అన్నాను. "మీరు దూరాక బాగుంటదండి" అన్నాడు. ఆ మాటని నేను ఎటు తిప్పి చూసినా మెచ్చుకోలు కనిపించలేదు.

మర్నాడు హెడ్మిస్ట్రెస్ గారు మా ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చూశారు. పీఈటీ మాస్టారు తాటిచెట్టంత మనిషి. నేను ఆయన భుజం దాకా వస్తాను, అదీ చెప్పులేసుకుంటే.

"మెడ పొడుగ్గా ఉండాలి కదా మాస్టారూ. ఆయన ముందుంటారు. మీరు వెనక వంగి ఆయన నడుం పట్టుకోండి."

"మేడం, డైలాగులు..."

"మీరు రాయండి, ఆయన చెబుతారు."

ఇంట్లో ఈ వార్త చెప్పకుండా దాచాలనుకున్నాను. కాని కొలతలు మార్చాలి కదా. మా ఆవిడ నా సగాన్ని మళ్లీ కొలిచి, తోక కుట్టి, దాన్ని ఊపడానికి లోపలికి ఒక తాడు వదిలింది. "ఇదిగో, మీ చేతిలో ఇదొకటి ఉంది కదండీ. ఈగలు తోలుకోవచ్చు" అని ఓదార్చింది. తరవాత వంటింట్లోకి వెళ్లి చాలాసేపు నవ్వుకుంది. గిన్నెల చప్పుడు చేస్తే నాకు వినపడదనుకుంది పాపం.

నోరు నాది కాకపోయినా మాట నాదే కాబట్టి, నా పాండిత్యమంతా డైలాగుల్లో కుమ్మరించాను. రిహార్సల్లో పీఈటీ మాస్టారు కాగితం చూసి కళ్లు చికిలించాడు.

"ఓ పథికులారా! ఓ శకట... ఇదేంటండీ?"

"శకటచోదకులారా. అంటే డ్రైవర్లు."

"మరి డ్రైవర్లూ అంటే పోలేదాండి?"

"ఒక జంతువు మొదటిసారి మన ఊరొచ్చి మాట్లాడుతున్నప్పుడు కాస్త గౌరవంగా ఉండాలయ్యా."

"ఆఫ్రికాలో తెలుగు ఇలా మాట్లాడతారేమో, నాకు తెలవదండి" అని కాగితం జేబులో పెట్టుకున్నాడు.

నడక ఇంకో గండం. ఆయన అలవాటు కొద్దీ "లెఫ్ట్, రైట్" అనేవాడు. వంగి ఉన్నవాడికి, నల్లగుడ్డ కింద, ఎదుటి మనిషి బెల్టు తప్ప మరేమీ కనపడని చోట, ఎడమ ఏదో కుడి ఏదో తేల్చుకోవడానికి కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధిలో ముందుకాళ్లు వెళ్లిపోయేవి. జీబ్రా సాగి సాగి మొసలిలా అయిపోయేది. తరవాత ఆయన ఆగేవాడు, నేను ఆగేవాణ్ణి కాదు, జీబ్రా ఒక్కసారిగా మేకంత అయ్యేది. ఆరో తరగతి పిల్లలు కిటికీలకి వేలాడి చూశారు. పాఠం చెబుతున్నప్పుడు వాళ్లలో అంత శ్రద్ధ నేనెన్నడూ చూడలేదు.

శుక్రవారం సాయంత్రం వచ్చింది. సర్పంచ్ గారు వచ్చారు, ఊళ్లోవాళ్లు వచ్చారు, టిఫిన్ బండాయన ఆ పూట బజ్జీల పిండి రెట్టింపు కలిపాడు. మైకు సెట్టు పెట్టారు. మా ఇద్దర్నీ స్టాఫ్ రూములో జీబ్రాలోకి ఎక్కించి, నడుం దగ్గర రెండు ముక్కల్నీ మా ఆవిడ సూదీదారంతో కలిపి కుట్టేసింది. "తొందరలో పెద్ద కుట్లు వేశానండి. గట్టిగా లాగకండి" అని నా వీపు తట్టింది.

నాలుగు కాళ్ల మీద గేటు దాటాం. పిల్లల ఈలలు, చప్పట్లు. చారల సందులో కుట్టు విడిన చిన్న కంత నుంచి నాకు రోడ్డులో అరచేతంత ముక్క కనపడుతోంది. ఎండ పూర్తిగా తగ్గలేదు. నల్లగుడ్డ తన శాస్త్రాన్ని నాకు చక్కగా బోధిస్తోంది. చెమట ముక్కు చివరి నుంచి బొట్లు బొట్లుగా కారుతోంది, తుడుచుకుందామంటే ఒక చెయ్యి బెల్టు మీద, ఒక చెయ్యి తోక తాడు మీద. ముందాయన పొద్దుటి నుంచి నడుంనొప్పి అని ఏదో తైలం రాసుకొచ్చాడు. ఆ ఘాటుకి నా కళ్లు మండి నీళ్లొచ్చాయి.

పట్టీల పక్కన నిలబడ్డాం. అప్పుడు నా వెనక నుంచి ఒక ముసలావిడ గొంతు వినిపించింది.

"ఏంటమ్మా ఇది? గంగిరెద్దా?"

"కాదు మామ్మగారూ, జీబ్రా" అంది ఎవరో అమ్మాయి.

"ఏదైతేనేం, నాలుక్కాళ్లున్నాయి, తోకుంది" అంది ఆవిడ. గుడి నుంచి వస్తున్నట్టుంది, చేతిలో పళ్లెం ఉన్న చప్పుడు. మరుక్షణం నా వెనక వేలితో అద్దినట్టు తగిలింది. పసుపు, ఆ పైన కుంకుమ. "లక్ష్మీదేవి ఉండేది ఇక్కడేనమ్మా. ముందు భాగానికి ఎవరైనా మొక్కుతారు" అని ఆ అమ్మాయికి వివరిస్తూ ఆవిడ తన అరచేతిని నాకు ఆనించి కళ్లకద్దుకుంది.

పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఒక మనిషి నాకు ఇంత భక్తిగా నమస్కరించడం అదే మొదలు. మర్యాద కొద్దీ తోక ఊపాను. "చల్లగా చూడు తల్లీ" అని ఆవిడ వెళ్లిపోయింది.

ఈలోగా హెడ్మిస్ట్రెస్ గారు మైకులో మమ్మల్ని పరిచయం చేసి, ఆ మైకుని జీబ్రా నోటి దగ్గర పెట్టారు. పీఈటీ మాస్టారు తాడు లాగాడు. నోరు తెరుచుకుంది.

"ఓ పథికులారా!"

బాగానే ఉంది.

"ఓ... ఓ పథికులారా!"

అది అయిపోయింది కదా అనుకున్నాను.

"ఓ పథికు..." అని ఆయన ఆగి, గుడ్డలోపల తల వెనక్కి తిప్పి, "తరవాత ఏంటండీ?" అన్నాడు. అదీ మైకులో పడింది.

"శకటచోదకులారా" అని గుసగుసగా అందించాను.

"ఆఁ?"

"శకటచోదకులారా!"

"వినపడట్లేదండీ."

ఇంక నా వల్ల కాలేదు. రాత్రులు కూర్చుని రాసుకున్న మాటలు, అలా గొంతులో ఇరుక్కుని చచ్చిపోతుంటే ఎలా చూస్తూ ఊరుకోను? వెనక బెంచీ దాకా వినిపించే నా క్లాసు గొంతుతో అందుకున్నాను.

"ఓ శకటచోదకులారా! నేను ఆఫ్రికా ఖండవాసినైన చారల గుర్రమును! నా దేహమునందలి చారలే మీ మార్గమునందు లిఖింపబడినవి! క్షణకాలము నిలువుడు!"

అంతా నిశ్శబ్దమైపోయింది. నా మాటల ప్రభావమే అనుకున్నాను. అప్పుడొక పసిపిల్ల గొంతు స్పష్టంగా వినిపించింది.

"అమ్మా! జీబ్రా వెనకనుంచి మాట్లాడుతోందే!"

ఆ తరవాతి నవ్వు ఎలా ఉందో చెప్పలేను. సర్పంచ్ గారు కుర్చీలోంచి లేచి గేటు పట్టుకున్నారని తరవాత విన్నాను. టిఫిన్ బండాయన బజ్జీలు మాడ్చేశాడట. ఆ గోలలో మా ఆరో తరగతి నుంచి ఒక అరుపు: "ఒరేయ్, మన తెలుగు మాస్టారి గొంతురా అది!" దాంతో నాకున్న ఒక్క ఆసరా, మొహం కనపడటం లేదన్నది, అదీ పోయింది.

రోడ్డు మీద ఆటోలు ఆగాయి, మోటారుసైకిళ్లు ఆగాయి. హెడ్మిస్ట్రెస్ గారు ఇదే అదనని విజిల్ ఊదారు. ఆరో తరగతి పిల్లలు చేతులు పట్టుకుని వరసగా పట్టీల మీదకి దిగారు. నా కంతలోంచి వాళ్ల చెప్పులు, సాక్సులు, ఒకమ్మాయి ఊడిపోయిన రిబ్బను కనిపిస్తున్నాయి. వాటి వెనక, దూరంగా, కొబ్బరికాయల లారీ. అది మలుపు తిరిగి వస్తోంది. ఆగిన ఆటోలని తప్పించుకుని పక్కనుంచి పోదామని హారను కొడుతోంది. వేగం తగ్గలేదు. నవ్వులో ఎవరూ చూడటం లేదు. విజిల్ కూడా ఆ నవ్వులో కలిసిపోయింది.

ఇక నా నోట పథికులూ లేరు, శకటచోదకులూ లేరు.

"ఆపరా బాబూ! ఆపూ! పిల్లలు దాటుతున్నార్రా!" అని కేకేశాను.

పీఈటీ మాస్టారు ఆ కేకకి అదిరిపడి, మైకు మీద మూతి పెట్టి అదే మాట మళ్లీ అరిచాడు. రెండు వైపులా రెండు నోళ్లున్న జంతువు రోడ్డు పక్కన నిలబడి అరుస్తుంటే ఏ డ్రైవరైనా చూడక తప్పదు. బ్రేకులు కీచుమన్నాయి. లారీ పట్టీలకి చాలా ముందే ఆగింది. పైనున్న కాయల్లో రెండు మూడు దొర్లి కిందపడ్డాయి. డ్రైవరు తల బయటపెట్టి చూసి, చూసి, "ఏంటండీ బాబూ ఇది!" అన్నాడు. తరవాత ఫోను తీశాడు.

పిల్లలందరూ దాటారు. ఇక వెనక్కి వెళ్లిపోదామనుకున్నాను. కాని హెడ్మిస్ట్రెస్ గారు, "ఇప్పుడు మన జీబ్రా రోడ్డు దాటుతుంది!" అని ప్రకటించారు.

పీఈటీ మాస్టారు "లెఫ్ట్" అని బయల్దేరాడు. నేను వంగి వంగి ఉండటం వల్ల నడుం పట్టేసి, ఎడమ కాదు కదా ఏ కాలూ లేవలేదు. బెల్టు నా చేతిలోంచి జారింది. టపటపమని కుట్లు తెగిన చప్పుడు. మా ఆవిడ చెప్పిన పెద్ద కుట్లు. ముందు సగం ఠీవిగా తల ఊపుకుంటూ అవతలి వైపుకి వెళ్లిపోయింది. వెనక సగం రోడ్డు మధ్యలో మిగిలిపోయింది. గుడ్డ ముందుకి జారి నా మొహం మీద పడింది. చేతులతో తోసుకుంటే ఇంకా చుట్టుకుంది. ఎటు తిరిగానో తెలియదు, ఎటు నడవాలో తెలియదు. చుట్టూ నవ్వులు, హారన్లు. నేను మాత్రం తోక ఊపుతూనే ఉన్నానట. తాడు చేతికి మెలిపడిందని తరవాత తెలిసింది.

అప్పుడు కొన్ని చిన్న చేతులు నా చేతుల్ని పట్టుకున్నాయి. అవతలికి దాటిన ఆరో తరగతి పిల్లలే వెనక్కి వచ్చారు.

"మాస్టారండీ, ఇటు రండి. గీతల మీదే నడవండి. భయపడకండి, బళ్లన్నీ ఆగే ఉన్నాయి" అంది ఒకమ్మాయి, అచ్చం నేను క్లాసులో వాళ్లకి చెప్పే గొంతుతో.

వాళ్లు నడిపించినట్టే నడిచాను. అవతల గట్టు మీద గుడ్డ తీసేసరికి గాలి తగిలి ప్రాణం లేచొచ్చింది. ఎదురుగా పీఈటీ మాస్టారు తలకాయ చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మీరు వెనకే ఉన్నారనుకుని వచ్చేశానండి" అన్నాడు. ఆయన కళ్లలో నవ్వు లేదు. మా ఇద్దరి కళ్లూ ఆ లారీ వైపు వెళ్లాయి. టిఫిన్ బండాయన రెండు గ్లాసుల మంచినీళ్లు ఇచ్చాడు.

తరవాత జరిగిన సభలో పీఈటీ మాస్టారికి శాలువా కప్పారు. జీబ్రా అంటే తలకాయే కదా. నాకు లోపల చిన్నగా గుచ్చుకుంది, కాదనను. ఆయన మైకు తీసుకుని, "నేను మర్చిపోయానండి. మాట్లాడిందీ, లారీ ఆపిందీ వెనకాయనే" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను వినయంగా లేచి నమస్కరించి, ఈ సందర్భంగా నాలుగు మాటలు మాట్లాడదామని మైకు వైపు నడిచాను. హెడ్మిస్ట్రెస్ గారు వెంటనే జనగణమన మొదలుపెట్టించారు.

ఆ లారీ డ్రైవరు తీసిన వీడియో రాజమండ్రి దాకా వెళ్లింది. మా ఆవిడ దాన్ని స్టేటస్ పెట్టుకుంది. కుట్టుపని బాగా కనపడుతోందట.

కొన్నాళ్లు బళ్లు మా గేటు దగ్గరికొచ్చేసరికి జీబ్రా కోసం నెమ్మదించి చూసేవి. ఆ తరవాత కొందరు మళ్లీ మామూలే. అందుకని ఇప్పుడు సాయంత్రాలు నేనూ పీఈటీ మాస్టారూ చెరో వైపు ఎర్రజెండా పట్టుకుని నిలబడి పిల్లల్ని దాటిస్తున్నాం. ఆయన విజిల్ ఊదుతాడు. నేను, "ఆగండి బాబూ, పిల్లలొస్తున్నారు" అంటాను. ఇంతకంటే కష్టమైన తెలుగు ఆ రోడ్డు మీద వాడటం లేదు.

మొన్న కొబ్బరికాయల లారీ ఆగింది. డ్రైవరు కిటికీలోంచి నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏంటి మాస్టారూ, ఇవాళ మనిషిలా వచ్చారు?" అన్నాడు. పిల్లలు దాటేదాకా ఇంజను ఆపి కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు ఒక కొబ్బరికాయ తీసి నా చేతిలో పెట్టాడు. మర్నాడు మా ఇంట్లో పచ్చడి.